ఎడమకాలికి పనిలేని కారు

పిలుస్తామన్నారు, అందాకా బయట కూర్చోమన్నారు. మూడింటికి రమ్మంటే పది నిమిషాలు ముందే వచ్చాను, ఛోటాబాబు, అంటే ఇక్కడి ఎస్సై, భోజనానికి వెళ్ళి ఇంకా రాలేదట, ఆయన వచ్చి కాగితం చదివి వినిపిస్తే నేను కింద సంతకం పెట్టాలి, అంతే, ఐదు నిమిషాల పని అంకుల్ అని పొద్దున్నే మా యజమాని సౌరభ్ బాబు ఫోనులో అన్నాడు, ఠాణాలో ఐదు నిమిషాల పని అనేది ఆయన ఎక్కడ చూశాడో నాకు తెలీదు. సరే, కూర్చున్నాను. గేటుకి ఇవతల గుల్‌మొహర్ చెట్టు నీడ, నీడలో ఆయన పసుపు కారు, ఆ కారు డ్రైవరు సీట్లో పక్కకి తిరిగి కాళ్ళు రెండూ బయటికి పెట్టుకుని నేను. కుడికాలు దానంతటదే వచ్చింది, ఎడమకాలిని మాత్రం రెండు చేతులతో ఎత్తి పెట్టుకోవలసి వచ్చింది. సోనారి నుంచి ఇక్కడికి ఏమంత దూరం గనక, అందులోనే ముప్పైసార్లయినా క్లచ్ తొక్కి ఉంటాను, మోకాలి లోపల ఇసుక పోసి తిప్పుతున్నట్టు ఉంది. కాగితంలో ఏముందో నాకు తెలుసు. నేను పద్ధతిగా వెళ్తున్నాను, రోడ్డుకి అడ్డంగా కుక్క వచ్చింది, బ్రేకు వేశాను, వెనక ఆటో నడుపుతున్న పింటూ చూసుకోకుండా వచ్చి గుద్దాడు, అదీ సంగతి. సంతకం పెడితే పింటూ లైసెన్సు పోతుంది. పెట్టకపోతే, ఉన్నది ఉన్నట్టు చెప్తే, ఇక నా చేతికి ఎవరూ కారు ఇవ్వరు. కుక్క లేదు. కుక్కా లేదు, పిల్లీ లేదు, ఆ పొద్దుట ఆ రోడ్డు మీద నా ఎడమకాలు తప్ప అడ్డొచ్చింది ఏదీ లేదు.

ఇద్దరు కాలేజీ కుర్రాళ్ళు స్కూటీ ఆపి కారుకి ఫోటోలు తీసుకుంటున్నారు, ముందు నుంచి ఒకటి, పక్క నుంచి ఒకటి, తర్వాత దాని మీద ఆనుకుని ఒకటి, ఆనుకోవద్దు బాబూ అందామనుకుని ఊరుకున్నాను, ఆ మాట అనే ఓపిక కూడా ఇవాళ లేదు. ఒకడు లోపలికి తొంగిచూసి గేరు రాడ్డు చూసి, "అంకుల్, మాన్యువల్ హై క్యా?" అన్నాడు, హాఁ బాబూ అన్నాను, "అసలీ చీజ్!" అని రెండోవాడి వీపు చరిచాడు. అసలైన సరుకట. ఈ మాట ఎన్ని ఆదివారాలు విన్నానో. సౌరభ్ బాబు, ఆయన స్నేహితులు మా ఊరి మెరైన్ డ్రైవ్‌లో నది పక్కన కార్లు వరసగా నిలబెట్టుకుని, బానెట్ల మీద కాఫీ గ్లాసులు పెట్టుకుని ఇదే వాదన. ఇప్పటి ఆటోమేటిక్‌లో లోపల రెండు క్లచ్‌లు ఉంటాయట, ఒకటి ఈ గేరుని పట్టుకుని ఉండగానే రెండోది వచ్చే గేరుని పట్టేసుకుని సిద్ధంగా ఉంటుందట, కన్ను మూసి తెరిచేలోపు గేరు మారిపోతుంది, ఎంత మొనగాడి కాలైనా చెయ్యైనా దాని ముందు నిలబడలేవు అంటాడు ఒకడు. గెలుపెవడికి కావాలి, గేరు మన చేత్తో వేస్తేనే కారు మనది, లేకపోతే లిఫ్టులో ఎక్కి బటను నొక్కినట్టే అంటాడు ఇంకొకడు. చివరికి ఎటూ తేలక, ఆదిబాబు అంకుల్‌ని అడగండి అంటారు, నేను చేతులు కట్టుకుని, "మాన్యువల్ మేఁ జాన్ హై" అంటాను, ప్రాణం దాన్లోనే ఉంది అని, వాళ్ళు చప్పట్లు కొడతారు. ఆ తర్వాత ఎవరి ఆటోమేటిక్ వాళ్ళు ఎక్కి ఇంటికి పోతారు. క్లచ్ మీద అంత ప్రేమ ఎవరికి అంటే, దాన్ని ఆదివారాలు మాత్రం తొక్కేవాళ్ళకి.

అలాగని నేను చెప్పింది అబద్ధమూ కాదు. ఈ పసుపు కారుని సౌరభ్ బాబు తండ్రి, పోయిన పెద్దాయన, క్రేన్ల వ్యాపారం బాగా సాగే రోజుల్లో కోల్‌కతా నుంచి తెప్పించాడు, అప్పటి నుంచీ దీన్ని తుడిచేదీ నడిపేదీ నేనే. గేరు రాడ్డు కింద ఇనపరేకు, ఆ రేకులో ఆరు గాట్లు, రాడ్డు గాటులో పడ్డప్పుడల్లా టక్కుమంటుంది, ఆ చప్పుడు విన్న ఏ మెకానిక్కైనా చేస్తున్న పని ఆపి తల ఎత్తుతాడు. నాలుగు నుంచి మూడుకి దింపేటప్పుడు బ్రేకు మీద ఉన్న కాలి మడమతోనే పక్కనున్న ఏక్సిలేటరుకి ఒక్క చురక వేయాలి, ఇంజను గొంతు లేస్తుంది, అది లేచిన క్షణానికి క్లచ్ వదలాలి, ముందూ కాదు వెనకా కాదు, అప్పుడు బండి కుదుపు లేకుండా మలుపులోకి వంగుతుంది. అది ఎవరూ నేర్పలేదు నాకు. గోవింద్‌పూర్ పక్క లారీల కంపెనీ నుంచి కొత్త లారీలు దేశమంతా పోయేవి, లారీలంటే లారీలు కావు, క్యాబినూ తలుపులూ ఏమీ లేని ఉత్త ఛాసిస్‌లు, ఇంజను, చక్రాలు, స్టీరింగు, కూర్చోడానికి చెక్కపెట్టె, ముఖానికి తువ్వాలు, కళ్ళకి గాగుల్సు, పదీ పన్నెండు బళ్ళు వరసగా కాన్వాయ్ కట్టి నాగపూర్‌కో విజయవాడకో గౌహతికో. ఇరవై ఒకటో ఏట ఎక్కాను ఆ చెక్కపెట్టె మీద. ఆ గేర్లకి ఒక తొక్కుడు చాలదు, రెండుసార్లు తొక్కాలి, మధ్యలో ఇంజను మాట వినాలి, వినకపోతే పళ్ళు కొరికినట్టు గీ అని అరిచి చెయ్యి విదిలించేది. డిపోలో బండి అప్పగించి, రైల్లో జనరల్ బోగీలో వెనక్కొచ్చి, మర్నాడే ఇంకో ఛాసిస్. చెవి అక్కడ తయారైంది. మోకాలు అక్కడే పోయింది.

పోయిందని ఎవరికీ చెప్పలేదు. మా ఆవిడ తవిటమ్మకి తప్ప, ఆమెకైనా నేను చెప్పలేదు, రోజూ వేడినీళ్ళ గుడ్డ వేసేది ఆమే గనక తెలిసింది. డ్రైవరు మోకాలు పోయిందని చెప్పుకోవడం వంటవాడు నాలుక పోయిందని చెప్పుకున్నట్టే గదా, అందుకని పైకి మాన్యువల్, మాన్యువల్ అంటూ, లోపల ప్రతి ఎర్రలైటు దగ్గరా దేవుణ్ణి తలుచుకుంటూ, ఈ పసుపుదాని క్లచ్ మామూలు క్లచ్ కాదు, తొక్కడం కాదు తన్నాలి, ఇలా కొన్నేళ్ళు లాక్కొచ్చాను. అప్పుడు సౌరభ్ బాబు ఒక బూడిదరంగు ఆటోమేటిక్ కారు కొన్నాడు. మొదటిరోజు తాళం నా చేతికిచ్చి, మీకు నచ్చదని తెలుసు అంకుల్, సర్దుకోండి అని జాలిగా అన్నాడు. కూర్చున్నాను. క్లచ్ ఉండవలసిన చోట ఏమీ లేదు. రెండే పెడళ్ళు, బ్రేకు వెడల్పుగా ఎడమవైపుకి సాగి ఉంది, స్టీరింగు వెనక చెవుల్లా రెండు మీటలు, వాటిని వేలితో లాగినా సరే, లాగకపోయినా సరే, గేర్లు వాటంతటవే పడుతున్నాయి. ఎడమకాలిని ఓ మూలకి చాపి పెట్టాను, అది పింఛను పుచ్చుకున్నవాడిలా అక్కడ కూర్చుంది. సోనారి దాటి, నది ఒడ్డున చుట్టు తిరిగి ఇంటికి తెచ్చేదాకా మోకాలు ఒక్కసారి కూడా కలుక్కుమనలేదు. షెడ్డులో కారు ఆపి, ఎవరూ చూడకుండా ఏడ్చాను, ఇది చెప్పుకోడానికి సిగ్గుగానే ఉంది, కాని ఏడ్చిన మాట నిజం. ముప్పై ఎనిమిదేళ్ళుగా నేను గొప్పగా చెప్పుకున్నదంతా నా కాలిని తినేసింది, ఆ సంగతి ఒక్కసారి కాలు చాపుకోగానే తెలిసిపోయింది. మర్నాడు సౌరభ్ బాబు ఎలా ఉంది అంకుల్ అంటే, వేగం ఉంది బాబూ, ప్రాణం లేదు అన్నాను. ఆయన సంతోషించాడు.

ఆ పొద్దుట ఆ బూడిదరంగు కారులో సౌరభ్ బాబుని తీసుకురావడానికి సోనారి ఎయిరోడ్రోమ్‌కి వెళ్తున్నాను. ఎండ ఇంకా ముదరలేదు, రోడ్డు ఖాళీ, వెనక అద్దంలో ఒక ఆటో. నా మనసు ఎక్కడుందో ఇప్పుడు ఎంత వెతికినా దొరకదు, ఎక్కడో ఏదో ఘాటు రోడ్డు మీద ఉండి ఉంటుంది, మూడు నుంచి రెండుకి దింపాలి అనుకున్నాను, అనుకున్నానని కూడా కాదు, ఒంటికి అనిపించింది, మలుపు ముందు ఎప్పుడూ అనిపించేదే, అనిపించగానే మూల కూర్చున్న ఎడమకాలు లేచి, పసుపు కారు క్లచ్‌ని ఎంత బలంగా తన్నుతుందో అంత బలంగా తన్నింది. తగిలింది బ్రేకు. కారు నేలకి మేకు కొట్టినట్టు ఆగింది. వెనక పెద్ద చప్పుడు. దిగి చూస్తే ఆటో ముందుభాగం నొక్కుకుపోయి ఉంది, లోపల స్కూలు టీచరమ్మ ఒకావిడ చెయ్యి పట్టుకుని మూలుగుతోంది, మణికట్టు విరిగింది, డ్రైవరు నుదుటి మీద రక్తం, ఆ రక్తంలోంచే నన్ను చూసి, "మావయ్యా, ఏటయ్యింది?" అన్నాడు. పింటూ. నన్ను అన్నయ్యా అని పిలిచే బిర్సానగర్ భద్రమ్మ కొడుకు. నేను నోరు తెరిచేలోపు జనం మూగారు, అందులో ఎవడో, ఎవడో కూడా తెలీదు, "కుత్తా ఆ గయా థా క్యా?" అని అడిగాడు. కుక్క అడ్డొచ్చిందా అని. నేను తల ఊపాను. చేసింది అంతే. ఒక్కసారి తల ఊపాను.

ఆ ఊపు ఇప్పుడు కాగితమై కూర్చుంది. తలా ఓ చెయ్యి వేసి ఆ కుక్కకి ప్రాణం పోశారు, ఆ రోడ్డు పక్క ఇంటి వాచ్‌మన్ తోక చూశానన్నాడు, సౌరభ్ బాబు వకీలుని పెట్టాడు, ఇక్కడి మన తెలుగువాళ్ళంతా, ఆదిబాబు ఉట్టినే ఎందుకాపుతాడు, ఆ పింటూగాడే ఫోను చూసుకుంటూ వచ్చుంటాడు అన్నారు. ఇంట్లో మాత్రం తవిటమ్మ టీ గ్లాసు ఇస్తూ, "ఏ రంగు కుక్కేటి?" అని అడిగింది. నలుపు అన్నాను. ఆమె నా కాలి వంక ఒకసారి చూసి, ఇంకేమీ అడగకుండా వెళ్ళి అన్నం వార్చుకుంది. నన్ను తిట్టి ఉంటే బాగుండేది. ఇప్పుడు ఈ ఠాణా గేటులోంచి చూస్తే ఆ ఆటో ఆవరణలో ఓ మూల కనిపిస్తోంది, అద్దం లేదు, హేండిలుకి కట్టిన పూసల దండ మాత్రం తెగకుండా వేలాడుతోంది, దాని పక్క వరండాలో బెంచీ మీద పింటూ కూర్చుని ఉన్నాడు. వచ్చినప్పటి నుంచీ వాడు ఉన్నాడని నాకు తెలుసు. చూడకుండా ఉండటానికే గుల్‌మొహర్ పువ్వుల్ని చూస్తున్నాను. సౌరభ్ బాబు దృష్టిలో ఈ పట్నంలో ఈ కారు నడపగలిగేది నేనొక్కణ్ణే, నాకు యాభై తొమ్మిది, నాకు తెలిసింది ఇదొక్కటే, ఇది పోతే పొద్దున్నే లేచి ఎక్కడికి వెళ్తాను, ఎవరు నన్ను ఆదిబాబు అని పిలుస్తారు, అసలు ఎందుకు పిలుస్తారు. అలా అనుకుంటూ ఉండగా వాడు లేచాడు. వస్తున్నాడు. కొడతాడేమో అనుకున్నాను, కొడితే ఒకరకంగా తేలికయ్యేది.

పింటూకి నలభైకి దగ్గర, మనిషి చిక్కిపోయాడు, నుదుటి మీద కుట్లు ఊడదీసిన మచ్చ. దగ్గరకొచ్చి, కారు వంకా నా కాళ్ళ వంకా చూసి, "మావయ్యా, ఒకటి అడుగుతాను, కోపం రాదు కదా?" అన్నాడు. అడగరా అన్నాను. "ఆ కుక్క ఎడం పక్క నుంచి వచ్చినాదా, కుడి పక్క నుంచా?" నేను ఎడమకాలి మీద చెయ్యి వేసుకున్నాను. వాడే అన్నాడు, "నాకు అవుపించనేదు మావయ్యా. ఎంత గుర్తు తెచ్చుకున్నా అవుపించదు. మా అమ్మ అంటాది, ఆదిబాబన్నయ్య అబద్ధం ఆడడు, నీ కళ్ళే పోనాయిరా అని. ఆంఖ్ కే డాక్టర్ కే పాస్ గయా. కళ్ళల్లో చుక్కల మందేసి చూసినాడు, ఏమీ నేదన్నాడు, కానీ డాక్టర్లకేటి తెలుసు. నువ్వు చూసినావు, నాను చూణ్ణేదు. ఇరవై రోజులై స్టీరింగు ముట్టుకోనేదు, మా బావ బండి ఇత్తానన్నా భయమేసి వద్దన్నాను. మా పాపని స్కూలుకి నడిపించి తీసుకెళ్తన్నాను." అని కళ్ళు నులుముకుని, "ఏ పక్కో చెప్పు మావయ్యా, అప్పుడైనా గుర్తొత్తాదేమో" అన్నాడు. నేను ఏదో దగ్గాను. వాడు సర్లే, లోపల పిలుత్తారు అని వెళ్ళి బెంచీ మీద కూర్చున్నాడు.

కాన్వాయ్‌లో ఒక పద్ధతి ఉండేది. ఠాణాలో ఏమంటారంటే వెనక నుంచి గుద్దినవాడిదే తప్పు, ఎంత దూరం ఉంచుకోవాలో వాడికి తెలియాలి అని. మాలో అలా కాదు. వరసలో వెళ్ళేటప్పుడు వెనకవాడికి రోడ్డు కనబడదు, ముందువాడి బండి కనబడుతుంది, దాన్ని నమ్మి వస్తాడు, అందుకని చెయ్యి బయటపెట్టి ఊపకుండా ముందువాడు ఆపితే జవాబు ముందువాడిదే. రాయపూర్ ఇవతల ఒకసారి మా ముందు బండి పైడిబాబు, బొబ్బిలి మనిషి, మా అందరికీ పెద్ద, ఉన్నట్టుండి ఆపాడు, నేను పోయి గుద్దాను. నన్నూ మా అమ్మనీ మా తాతల్నీ తిడుతూ డిపో దాకా వచ్చాడు, నీకు గుడ్డికళ్ళురా అన్నాడు, చూసి నడపలేనోడివి మేకలు కాసుకో అన్నాడు. డిపోలో సాబు ఎవరిది తప్పు అని అడిగితే, నాదే, బీడీ పడిపోతే వంగాను అన్నాడు. ముందు బండి తీసేసి ఆయన్ని వరస చివరికి వేశారు, అప్పటి నుంచి మా అందరి దుమ్మూ తిన్నాడు, తిన్నంతకాలం దారి పొడుగునా నన్ను తిడుతూనే ఉన్నాడు. మంచివాడని కాదు. అలా చెప్పకపోతే మర్నాడు ఆయన వెనక బండి నడిపేవాడు ఒక్కడూ ఉండడు, అంతే. పింటూ నా వెనక వచ్చాడు. ఇంత ఖరీదైన కారు, దాన్లో ఆదిబాబు మావయ్య, ఊరికే ఆపడని నమ్మి వచ్చాడు. ఆఖరికి తన కళ్ళనైనా కాదనుకున్నాడు గాని నన్ను కాదనుకోలేదు. నాకు ఒళ్ళంతా అలసటగా ఉంది, కాలు ఒక్కటే కాదు, ఆ నల్లకుక్కని ఇరవై రోజులు మేపిన అలసట, ప్రాణం ఉంది ప్రాణం ఉంది అని ప్రతి ఆదివారం చెప్పిన అలసట.

"ఆదిబాబు కౌన్ హై?" అని కానిస్టేబుల్ కేక వేశాడు. కారు మీద చెయ్యి ఆనించి లేచాను. ఛోటాబాబు పాన్ నములుతూ కాగితం తీసి గడగడా చదివాడు, కుక్క దాకా వచ్చేసరికి, "సాబ్, కుత్తా నహీఁ థా" అన్నాను. ఆయన చదవడం ఆపాడు. మరేమిటి అన్నాడు. "మేరా బాయాఁ పైర్ థా" అన్నాను. ఎడమకాలు సాబ్. ఆయన నన్నూ నా కాలినీ చూసి నవ్వాడు, ఆటోమేటిక్‌లో ఎడమకాలికి ఏం పనయ్యా అన్నాడు. పని లేదు సాబ్, దానికి ఆ సంగతి తెలీదు, అన్నాను. క్లచ్ అనుకుని బ్రేకు తన్నానని, ఆటోవాడి తప్పు ఏమీ లేదని, జరిగిన వరసలో మొత్తం చెప్పాను, ఆయన నవ్వు ఆపి పాన్ ఉమ్మి వచ్చి కూర్చుని, ఇది రాస్తే నీ బతుకులో మళ్ళీ ఎవడూ తాళం ఇవ్వడు, ఒకసారి వకీలుతో మాట్లాడుకో అన్నాడు. రాసేయండి సాబ్ అన్నాను. రాశాడు. సంతకం పెట్టాను. పసుపు కారు తాళం ఆయన బల్ల మీద పెట్టి, సౌరభ్ బాబుకి ఫోను చేసి, కారుకి మనిషిని పంపండి బాబూ, కుక్క లేదు, తర్వాత ఇంటికొచ్చి చెప్తాను అన్నాను. అవతల ఆయన అంకుల్, అంకుల్ అంటూనే ఉన్నాడు.

వరండాలో పింటూకి అంతా వినబడింది. వాడు గోడకి ఆనుకుని నిలబడి ఉన్నాడు. నీ కళ్ళు బాగున్నాయిరా అన్నాను. వాడు నన్ను కొట్టలేదు, తిట్టలేదు, దణ్ణమూ పెట్టలేదు. "ఇరవై రోజులు మావయ్యా" అన్నాడు. "మా అమ్మకి నువ్వే చెప్పాల. నాను చెప్తే నమ్మదు. నువ్వు చెప్తేనే నమ్ముతాది" అని ముందు నడిచాడు. వాడి ఆటో ఇంకా ఆవరణలోనే ఉంది గనక రోడ్డు మీదకొచ్చి ఇద్దరం ఎవరిదో షేర్ ఆటో ఎక్కాం, బిర్సానగర్ దాకా వాడు ఒక పక్కకి నేను ఒక పక్కకి చూస్తూ కూర్చున్నాం. ఛోటాబాబు ముందు తడుముకోని నోరు భద్రమ్మ దగ్గర ఏమని మొదలుపెట్టాలో దారంతా వెతుక్కుంది. దిగి సందులోకి నడుస్తుంటే కాలు ఈడుస్తున్నానని దూరం నుంచే చూసి ఆమె లోపలికి పరిగెత్తి కుర్చీ తెచ్చి వేసింది, చెంగుతో దుమ్ము తుడిచింది, కొడుకు వైపు తిరిగి, "చూసినావా, కేసు మాఫీ చెయ్యడానికి అన్నయ్య ఆ కాలు ఈడుచుకుంటా మనింటికొచ్చినాడు. అలా నిలబడతావేటిరా గుడ్డోడా, ముందు మావయ్య కాళ్ళకి దణ్ణం పెట్టు" అంది. పింటూ కదల్లేదు, నా వంకే చూస్తున్నాడు. నేను కుర్చీలో కూర్చోలేదు. దాన్ని ఆమె వైపుకి జరిపి, "వద్దు భద్రమ్మా, ముందు నువ్వు కూకో" అన్నాను.